"కోపం వచ్చింది" అని ఇంగ్లీషులో ఎలా అనాలి? రోజువారీ మాటల్లో భావాలు చెప్పడం గురించి

జీడితోట (పలాస)
సాయంత్రంపూట డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పిల్లలు వ్యాకరణం బాగానే రాస్తారు, టెన్సులు అడిగితే తడుముకోరు. కానీ మనసులో మాట చెప్పాలనేసరికి ఆగిపోతారు. లేదంటే "మై యాంగర్ ఈజ్ కమింగ్", "ఐ యామ్ వెరీ ఫీలింగ్" లాంటివి బయటపడతాయి. హ్యాపీ, సాడ్ దాటితే మాటలే ఉండవు. నెట్‌లో దొరికే వంద పదాల పట్టీలు కంఠతా పట్టించినా మాట్లాడేటప్పుడు ఒక్కటీ నోటికి రాదు. అసలు తప్పు ఎక్కడ పడుతోంది? ఏ వరసలో నేర్పితే మంచిది? ఉదాహరణలతో చెప్పండి. ఉచ్చారణ సంగతి కూడా.

గంటస్తంభం (విజయనగరం)
తప్పు పదాల దగ్గర లేదండీ, వాక్యం కట్టుబడిలో ఉంది. తెలుగులో భావం బయటినుంచి మనిషి దగ్గరికి వస్తుంది. నాకు కోపం వచ్చింది, నాకు భయం వేసింది, నాకు బాధగా ఉంది. అన్నిటా "నాకు". కోపమే కర్త, మనం దాన్ని పుచ్చుకునేవాళ్ళం. ఇంగ్లీషులో మనిషే కర్త, భావం అతని గుణంలా పక్కన నిలబడుతుంది. "ఐ యామ్ యాంగ్రీ". మాటకు మాట చూస్తే "నేను కోపిష్టిగా ఉన్నాను" లాంటి కట్టుబడి అది. అందుకే పిల్లవాడు నామవాచకం వెతుక్కుంటాడు, యాంగర్, ఫియర్, సాడ్‌నెస్ అని. కావలసింది విశేషణం.

నేర్పేటప్పుడు ఒక్క భావాన్నే తీసుకుని నాలుగు క్రియల్లో తిప్పించండి. కోపంగా ఉన్నాను అంటే "ఐమ్ యాంగ్రీ". కోపం వచ్చింది అంటే "ఐ గాట్ యాంగ్రీ". లోపల కోపంగా అనిపించింది అంటే "ఐ ఫెల్ట్ యాంగ్రీ". కోపం తెప్పించింది అంటే "ఇట్ మేడ్ మీ యాంగ్రీ". ఉండడం, రావడం, అనిపించడం, తెప్పించడం. తెలుగులో ఈ నాలుగూ పిల్లలకి ముందే తెలుసు, కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మన "వచ్చింది" వాళ్ళ "గాట్" అని ఒక్కసారి తలకెక్కితే "యాంగర్ కేమ్" దానంతట అది పోతుంది. యాంగ్రీ, నెర్వస్, అప్‌సెట్, స్కేర్డ్, బోర్డ్, ఈ ఐదూ నాలుగేసి రూపాల్లో తిప్పితే ఇరవై వాక్యాలు. వంద పదాల పట్టీ కన్నా ఈ ఇరవై నయం.

అన్నీ ఈ మూసలో ఇమడవు. ఏడుపొచ్చింది అనడానికి "ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్". నవ్వొచ్చింది అంటే "ఇట్ మేడ్ మీ లాఫ్". నవ్వు ఆపుకోలేకపోతే "ఐ కుడెంట్ స్టాప్ లాఫింగ్". వీటిని విడిగా నోటికి రప్పించాలి.

కళింగపట్నం దీపం
గంటస్తంభం గారితో ఏకీభవిస్తూనే ఇంకో మాట. ఈ కాలం పిల్లల్లో "యాంగర్ కేమ్" కన్నా పెద్ద చిక్కు ఒకటుంది. మన తెలుగులో ఇప్పటికే కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు. షాక్ అయ్యాను, హర్ట్ అయ్యాను, ఫీల్ అయ్యాను, బోర్ కొట్టింది, మూడ్ ఆఫ్, టెన్షన్ వచ్చింది. ఇవి మాకు వచ్చు అనుకుంటారు కాబట్టి ఎవరూ సరిచూసుకోరు. "అయ్యాను" కోసేసి మిగతాది అలాగే వాడేస్తారు.

షాక్ అయ్యాను అన్నది "ఐ షాక్డ్" అవుతుంది. అంటే నేను ఎవరినో నిర్ఘాంతపరిచాను అని అర్థం మారి, ఎవరిని అన్న ప్రశ్న మిగిలిపోతుంది. "ఐ వాజ్ షాక్డ్" అనాలి. ఆ వాజ్ మన "అయ్యాను"కి బదులు నిలబడుతుంది, దాన్ని వదలకూడదు.

హర్ట్ అయ్యాను అంటే "ఐ వాజ్ హర్ట్". హర్టెడ్ అన్న మాట లేదు. అప్‌సెటెడ్ కూడా లేదు. రెండూ భూతకాలంలోనూ అలాగే ఉంటాయి.

ఫీల్ అయ్యాడు అన్నది అన్నిటికన్నా తిరకాసు. తెలుగులో ఫీల్ అంటేనే నొచ్చుకోవడం. ఇంగ్లీషులో ఫీల్ ఖాళీ గిన్నె లాంటిది, అందులో ఏదో ఒకటి వెయ్యాలి, ఫీల్ బ్యాడ్, ఫీల్ గుడ్, ఫీల్ లెఫ్ట్ అవుట్. "ప్లీజ్ డోంట్ ఫీల్" అంటే అవతలివాడికి సగం వాక్యమే వినిపిస్తుంది. అక్కడ "ప్లీజ్ డోంట్ టేక్ ఇట్ పర్సనల్లీ" అనండి, లేదా "ఐ డిడెంట్ మీన్ టు హర్ట్ యూ".

మూడ్ ఆఫ్ అన్న మాట మన దేశం దాటితే నడవదు. "ఐమ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్". ఇక "ఐమ్ మూడీ" అంటే ఇవాళ మనసు బాలేదని కాదు, నిమిషానికో తీరుగా ఉండే మనిషినని మీకు మీరే చెప్పుకున్నట్టు. సెంటిమెంట్ కూడా అంతే. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడం మనకి సెంటిమెంట్. ఇంగ్లీషువాడికి సెంటిమెంట్ అంటే భావనో అభిప్రాయమో. మన అర్థంలో కావాలంటే "ఇట్స్ ఎ బిలీఫ్ వుయ్ హ్యావ్" అని తేలిగ్గా చెప్పేయొచ్చు.

తంపర నేల
ఒక చిన్న అనుమానం. పిల్లలు "ఐ యామ్ బోరింగ్" అనేస్తారు కదా. డ్, ఇంగ్ తేడా ఎలా చెబితే గుర్తుంటుంది?

గంటస్తంభం (విజయనగరం)
తగిలినవాడికి డ్, తగిలించినదానికి ఇంగ్. క్లాసు బోరింగ్, పిల్లవాడు బోర్డ్. సినిమా ఇంటరెస్టింగ్, చూసినవాడు ఇంటరెస్టెడ్. ఇంగ్ మనిషికీ పెట్టొచ్చు, అప్పుడా మనిషి ఎదుటివాళ్ళని విసిగిస్తున్నాడని అర్థం. మన వైపు ఉదాహరణే కావాలంటే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు కూలిపోయాయి. ఆ సంగతి బయటివాళ్ళకి చెప్పేటప్పుడు "ఇట్ వాజ్ హార్ట్‌బ్రేకింగ్. ద ఫార్మర్స్ వర్ హార్ట్‌బ్రోకెన్." దృశ్యం బ్రేకింగ్, రైతు బ్రోకెన్. ఈ జంట పట్టుకుంటే మిగతావి దారిలో పడతాయి.

పొందూరు నూలు
బోర్డ్ అన్నారు కాబట్టి ఉచ్చారణ ఇక్కడే చెప్పేస్తాను. చివరి డ్ మింగేస్తే "ఐ యామ్ బోర్" అని వినపడుతుంది. బోర్ అంటే ఎదుటివాళ్ళని విసిగించే మనిషి. పాపం, తనకి విసుగ్గా ఉందని చెప్పబోయి తానే విసిగిస్తానని ఒప్పుకున్నట్టవుతుంది.

రాసేటప్పుడు చివర ఇ, డి అక్షరాలే ఉన్నా పలికేటప్పుడు మూడు రకాలు. అసలు మాట ట్, డ్ శబ్దంతో ముగిస్తే ఒక అక్షరం పెరుగుతుంది. ఎక్సైటిడ్, డిసపాయింటిడ్, ఫ్రస్ట్రేటిడ్. క్, ప్, స్, ష్, చ్, ఫ్ లాంటి ఊపిరి శబ్దాలతో ముగిస్తే చివర ట్. షాక్డ్ అని రాసినా పలికేది షాక్ట్, స్ట్రెస్డ్ అన్నది స్ట్రెస్ట్, ఎంబరస్డ్ అన్నది ఎంబారస్ట్. మిగతావాటికి మామూలు డ్. బోర్డ్, అనాయ్డ్, వరీడ్, టయర్డ్. మనవాళ్ళు అన్నిటికీ ఎడ్ తగిలించి షాకెడ్, ఎంబరాసెడ్ అనేస్తారు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా, హల్లు మీద ఆగడం నాలుకకి అలవాటు లేదు. అద్దం ముందు షాక్ట్ అని పలికి, క్ తరువాత నోరు తెరవకుండా ట్ మీద ఆపమనండి. పది సార్లు.

నొక్కు కూడా చూసుకోండి. డిసపాయింటిడ్‌లో పాయిం మీద, ఎంబారస్ట్‌లో బా మీద, ఫ్రస్ట్రేటిడ్‌లో బ్రిటన్‌వాళ్ళు స్ట్రే మీద, అమెరికావాళ్ళు ఫ్ర మీద నొక్కుతారు. ఏదైనా ఫరవాలేదు, ఒక్కదానిమీద ఉండండి. యాంగ్రీ, హంగ్రీ మాత్రం కలపకండి. మొదటి అచ్చు యా అని నోరు సాగదీసి పలకాలి. అంగ్రీ అంటే ఆకలేస్తోందేమో అనుకుని భోజనం పెడతారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ఇప్పుడు విభక్తులకి రండి. మన "మీద" అన్నదే కొంప ముంచుతుంది. నీ మీద కోపం, అమ్మ మీద బెంగ, వాడి మీద జాలి, ఉద్యోగం మీద ఆశ. అన్నీ మీద కాబట్టి అన్నీ ఆన్ అనేస్తారు, "యాంగ్రీ ఆన్ యూ" అని.

మనిషి మీద కోపమైతే "యాంగ్రీ విత్ యూ", విషయం మీదైతే "యాంగ్రీ అబౌట్ ద డిలే". యాంగ్రీ అట్ కూడా బాగా వినిపిస్తుంది, అమెరికాలో మరీనూ. జాలి అయితే "ఐ ఫెల్ట్ సారీ ఫర్ హిమ్". బెంగకి విభక్తే అక్కర్లేదు, "ఐ మిస్ మై మదర్" చాలు. ఊరి మీద బెంగైతే "ఐమ్ హోమ్‌సిక్".

"అంటే" తగిలే భయం లాంటివి ఆఫ్ వైపు వెళతాయి. పాములంటే భయం, "అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్". స్కేర్డ్ ఆఫ్ కూడా అంతే. కూతుర్ని చూసి గర్వపడితే "ప్రౌడ్ ఆఫ్ మై డాటర్". ఇక్కడొక మెలిక ఉంది. తెలుగులో గర్వం అంటే సగం తిట్టే, అందుకని ప్రౌడ్ అనడానికి కొందరు వెనకాడతారు. ఇంగ్లీషులో ప్రౌడ్ ఆఫ్ అన్నది మెచ్చుకోలే. పొగరుబోతుని ఆరోగెంట్ అంటారు.

హ్యాపీతో జాగ్రత్త. స్నేహితుడికి ఉద్యోగం వస్తే "ఐమ్ సో హ్యాపీ ఫర్ యూ". "హ్యాపీ విత్ యూ" అంటే నీ పని నాకు నచ్చింది అని యజమాని అన్నట్టుంటుంది. ఒకే ఒక్క చిన్న మాట, సంబంధమే మారిపోతుంది.

బొబ్బిలి వీణ
పైన టెన్షన్ వచ్చింది అన్నదాన్ని తప్పుల్లో వేసేశారు. నేను ఒప్పుకోను. "డోంట్ టేక్ టెన్షన్" అన్నది హైదరాబాదులో, బెంగళూరులో, ఢిల్లీలో అందరికీ అర్థమవుతుంది. మన పిల్లలు మాట్లాడబోయేది ఎక్కువగా వాళ్ళతోనే. లండన్‌లో చెల్లదు కాబట్టి తప్పు అనడం అన్యాయం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, 1863లో. ఆయన నేల మీద నిలబడి గ్రాంథికం ఇంగ్లీషు నేర్పుదామా?

కళింగపట్నం దీపం
వీణ గారి మాటలో న్యాయం ఉంది. తప్పు అనను, ఎక్కడ చెల్లుతుంది అన్నదే చెబుతాను. దేశంలో "డోంట్ టేక్ టెన్షన్" నడుస్తుంది. బయటి దేశం కాల్‌లో "డోంట్ వరీ" అనండి. మనకే టెన్షన్‌గా ఉంటే పరీక్ష ముందు "ఐమ్ నెర్వస్", పని ఎక్కువై అయితే "ఐమ్ స్ట్రెస్డ్", ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తకపోతే "ఐమ్ వరీడ్". తెలుగులో ఒకే టెన్షన్ ఈ మూడు పనులూ చేస్తోంది, ఇంగ్లీషులో విడదీయాలి. పిల్లలకి రెండూ చెప్పండి. చీర మార్చినట్టు మార్చుకుంటారు.

అన్నట్టు, మన అయ్యోని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2016లో చేర్చుకుంది. కాబట్టి ఆ ఒక్కటీ ధైర్యంగా వాడుకోవచ్చు!

జీడితోట (పలాస)
చాలా పనికొస్తున్నాయి, రాసుకుంటున్నాను. ఇంకో అవస్థ. సిగ్గు, మొహమాటం, అలక, ఉక్రోషం, చిరాకు. వీటికి ఇంగ్లీషు ఏదని అడిగితే నిఘంటువులో ఉన్నది చెబుతున్నాను కానీ నాకే తృప్తిగా లేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
నిఘంటువు మూసేయండి. ఏ సందర్భంలో అంటున్నారో అడగండి.

సిగ్గు చూడండి. కొత్తవాళ్ళ ముందు మాట్లాడని పిల్ల సిగ్గు, షై. అది స్వభావం. నలుగురిలో కాలు జారి పడితే వేసే సిగ్గు, ఎంబరస్డ్. తప్పేమీ చెయ్యలేదు, చూసినవాళ్ళ ముందు ముఖం చెల్లలేదు అంతే. అబద్ధం చెప్పి దొరికిపోతే రావలసిన సిగ్గు, అషేమ్డ్. అక్కడ తప్పు ఉంది. ఈ మూడూ కలిసిపోతే ప్రమాదం. ఇంటర్వ్యూలో "ఐ వాజ్ అషేమ్డ్ టు స్పీక్ ఇంగ్లీష్" అంటే ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టుంటుంది. "ఐ వాజ్ టూ షై టు స్పీక్ ఇంగ్లీష్" అంటే సరి. సిగ్గు లేదూ అని కసిరితే "షేమ్ ఆన్ యూ". అది చాలా బరువైన మాట, సరదాకి అనకూడదు.

మొహమాటానికి పదం లేదు, వాక్యం ఉంది. భోజనం వద్దనలేక మూడోసారి వడ్డించుకున్నాను అంటే "ఐ డిడెంట్ లైక్ టు సే నో". డబ్బు అడగడానికి మొహమాటపడితే "ఐ ఫెల్ట్ ఆక్వర్డ్ ఆస్కింగ్". చుట్టాలింట్లో మొహమాటపడకండి అని మనం అనేచోట వాళ్ళు "మేక్ యువర్‌సెల్ఫ్ అట్ హోమ్" అంటారు.

అలక దగ్గర నాకు ఎప్పుడూ వెలితే. "షీ ఈజ్ సల్కింగ్" అంటారు కానీ సల్కింగ్‌లో చిన్నచూపు ఉంది, చంటిపిల్లల చేష్ట అన్నట్టు. మన అలకలో కాస్త ప్రేమ, కాస్త హక్కు ఉంటాయి, బతిమాలించుకోవాలన్న కోరికా ఉంటుంది. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కాడని ఇంగ్లీషులో చెప్పాలంటే రెండు వాక్యాలు ఖర్చుపెట్టక తప్పదు. "హి ఈజ్ ప్రిటెండింగ్ టు బి అప్‌సెట్. హి వాంట్స్ అస్ టు కోక్స్ హిమ్." కోక్స్ అంటే బతిమాలి ఒప్పించడం.

చిరాకు, విసుగు, కోపం మెట్లు మెట్లుగా పెట్టండి. ఈగ ముసిరితే అనాయ్డ్. అదే పనిగా ముసిరితే ఇరిటేటెడ్. రోజూ ఇదే తంతైతే "ఐమ్ ఫెడప్ విత్ ఇట్". కోపమైతే యాంగ్రీ. కళ్ళు ఎర్రబడేంతైతే ఫ్యూరియస్. ఎంత చేసినా పని జరగనప్పుడు వచ్చేది ఫ్రస్ట్రేటెడ్. మన ఉక్రోషం దీని చుట్టుపక్కలే ఉంటుంది, కానీ అందులో ఏడుపు కూడా కలిసి ఉంది. "ఐ వాజ్ సో యాంగ్రీ ఐ కుడ్ క్రై" అంటే దగ్గరకొస్తుంది.

తంపర నేల
ఓలమ్మో, సిగ్గు ఒక్కదాన్లో ఇంత ఉందా! మరి కడుపు తరుక్కుపోయింది, ఒళ్ళు మండింది లాంటివి?

పొందూరు నూలు
మనకి దుఃఖం కడుపులో, వాళ్ళకి గుండెలో. కడుపు తరుక్కుపోయింది అంటే "ఇట్ బ్రోక్ మై హార్ట్". కడుపు అని మాటకి మాట మార్చి "మై స్టమక్ ఈజ్ కటింగ్" అంటే అరగని తిండికి మందు ఇస్తారు. ఒళ్ళు మండింది అంటే "ఇట్ మేడ్ మై బ్లడ్ బాయిల్". కాళ్ళూ చేతులూ ఆడలేదు అంటే "ఐ పానిక్డ్". బిగుసుకుపోయి కదల్లేకపోతే "ఐ ఫ్రోజ్". గుండె జారిపోయింది అంటే "మై హార్ట్ శాంక్", ఇది మాత్రం రెండు భాషల్లోనూ గుండె కిందికే పోతుంది. ప్రాణం లేచొచ్చింది అంటే "వాట్ ఎ రిలీఫ్". ఒళ్ళు గగుర్పొడిచింది అంటే "ఐ గాట్ గూస్‌బంప్స్". విజయనగరంలో దసరా తరువాతి మంగళవారం పైడితల్లి జాతరలో సిరిమాను అనే పొడవాటి మాను కొసన పూజారి కూర్చుని ఊరేగే దృశ్యం బయటి స్నేహితుడికి చెప్పేటప్పుడు ఈ మాటే అందుతుంది. "వెన్ ద పోల్ వెంట్ పాస్ట్ ద ఫోర్ట్, ఐ గాట్ గూస్‌బంప్స్."

ఆశ్చర్యార్థకంలో ఒక్క నియమం. వాట్ తరువాత వస్తువు, హౌ తరువాత గుణం. వాట్ ఎ రిలీఫ్, హౌ స్వీట్. లెక్కపెట్టలేని వస్తువైతే ఎ ఉండదు, "వాట్ లవ్లీ వెదర్".

గంటస్తంభం (విజయనగరం)
మోతాదు సంగతి ఎవరూ ఎత్తలేదు. మనవాళ్ళకి చాలా అంటే టూ. "ఐ యామ్ టూ హ్యాపీ". టూ అంటే అతి, హద్దు దాటింది, దానివల్ల ఏదో చెడింది. "టూ టయర్డ్ టు ఈట్", తినలేనంత అలసట. సంతోషానికి సో హ్యాపీ, రియల్లీ హ్యాపీ.

వెరీ కూడా అన్నిటికీ అతకదు. ఫ్యూరియస్, ఎగ్జాస్టెడ్, డివాస్టేటెడ్, థ్రిల్డ్ లాంటివి ముందే శిఖరం మీద ఉన్నాయి, వాటికి వెరీ తొడిగితే ఉప్పు కుండలో ఉప్పు వేసినట్టు. అక్కడ అబ్సల్యూట్లీ. అనుమానం ఉంటే రియల్లీ అనండి, రెండు వైపులా చెల్లుతుంది.

ఆఫీసు పిల్లలకి ఇది తప్పనిసరిగా చెప్పండి. బ్రిటన్‌వాళ్ళు మాట తగ్గించి భావం పెంచుతారు. "ఐమ్ ఎ బిట్ కన్సర్న్డ్" అని మేనేజరు అంటే కొంచెమే కదా అని ఊరుకోకూడదు, బాగానే కంగారుపడుతున్నాడు. "ఐమ్ నాట్ వెరీ హ్యాపీ విత్ దిస్" అంటే కోపం వచ్చిందనే. తిరిగి "నాట్ బ్యాడ్ అట్ ఆల్" అంటే మెచ్చుకోలు. క్వైట్ గుడ్ అన్నది అమెరికాలో చాలా బాగుంది, బ్రిటన్‌లో తరచూ ఫరవాలేదు అన్నంతే. అదే మాట, సముద్రం దాటితే తూకం మారుతుంది.

బొబ్బిలి వీణ
చెప్పడం గురించే మాట్లాడుతున్నాం. వినేవాడి సంగతో? అవతలివాడు బాధ చెప్పుకుంటే మనవాళ్ళు వెంటనే సలహా ఇచ్చేస్తారు, లేదా ఓకే ఓకే అంటారు. మన దగ్గర సలహా ప్రేమే. ఇంగ్లీషులో ముందు ఒక్క వాక్యం బాధని అందుకోవాలి, సలహా అడిగితేనే.

సారీ ఇక్కడ క్షమాపణ కాదు. "ఐమ్ సారీ టు హియర్ దట్" అంటే అయ్యో పాపం. దానికి "వై ఆర్ యూ సారీ, యూ డిడ్ నథింగ్" అని జవాబిస్తారు మన పిల్లలు. "థ్యాంక్యూ" అంటే చాలు. చావు కబురైతే "ఐమ్ సో సారీ ఫర్ యువర్ లాస్".

తరువాత మస్ట్ పెట్టండి. ఇప్పటి కష్టమైతే "దట్ మస్ట్ బీ హార్డ్". జరిగిపోయినదైతే "దట్ మస్ట్ హ్యావ్ బీన్ హార్డ్". మస్ట్ అంటే తప్పనిసరి అనే చదువుకుంటారు కదా, ఇక్కడ ఎంత కష్టపడి ఉంటావో అన్న అర్థం. మంచి కబురుకీ పనికొస్తుంది, "యూ మస్ట్ బీ థ్రిల్డ్!" కామ్ డౌన్, రిలాక్స్ మాత్రం కోపంగా ఉన్నవాడి ముందు అనకండి. శాంతించు అని ప్రేమగా అన్నట్టు వినపడదు, నోరు మూసుకో అన్నట్టు తగులుతుంది. "ఐ కెన్ సీ వై యూ ఆర్ అప్‌సెట్" అంటే చల్లబడతాడు.

పొందూరు నూలు
ఈ వాక్యాలన్నీ రాగంతోనే బతుకుతాయి. తెలుగులో భావాన్ని మాటకి తగిలించిన ముక్కలు మోస్తాయి, ఏ, ఓ, కదా, లే, మరి, అట. వచ్చాడే, వచ్చాడో, వచ్చాడట, మూడు భావాలు. ఇంగ్లీషులో ఆ ముక్కలు లేవు, వాటి పని గొంతు చేస్తుంది. మనం గొంతుని ఒకే ఎత్తులో నడిపిస్తే "దట్స్ గ్రేట్" అన్నది వెటకారంలా వినపడుతుంది. నిజంగా సంతోషమైతే గ్రేట్ మీద గొంతు పైకెత్తి కిందికి దించాలి. "రియల్లీ?" అని పైకి లేపితే ఆశ్చర్యం. కిందికి జార్చి సాగదీస్తే నమ్మలేదని. "ఐమ్ ఫైన్" అని కిందికి, పొట్టిగా, ముఖం తిప్పుకుని అంటే ఫైన్ కాదని ఏ దేశంవాడికైనా తెలుస్తుంది.

వాక్యంలో ఎక్కడ నొక్కుతారన్నది కూడా. "ఐ డూ కేర్" అని డూ మీద నొక్కితే, నాకు పట్టింపు లేదనుకుంటున్నావేమో, ఉంది అని. మన "ఉందిలే"కి దాదాపు అదే. మామూలు వాక్యంలో డూ అక్కర్లేదని చదివిన పిల్లలకి ఇది వింతగా ఉంటుంది.

నేర్పే తీరు చెబుతాను. ఫోన్‌లో ఒక్క వాక్యాన్నే మూడు భావాలతో రికార్డు చేయించండి, సంతోషం, అనుమానం, విసుగు. ఇంకో పిల్లవాడికి వినిపించి ఏది ఏదో చెప్పమనండి. చెప్పలేకపోతే రాగం చదునుగా ఉందన్నమాట. "యూ ఆర్ కమింగ్ టుమారో" బాగా సరిపోతుంది.

తంపర నేల
పనిచోట ఫిర్యాదు చెయ్యాల్సొస్తే? కోపంగా ఉందని చెప్పాలి, గొడవ కాకూడదు.

కళింగపట్నం దీపం
మూడు ముక్కలు, ఈ వరసలోనే. జరిగింది, అనిపించింది, కావలసింది. "వెన్ ద మీటింగ్ వాజ్ మూవ్డ్ వితౌట్ టెల్లింగ్ మీ, ఐ ఫెల్ట్ లెఫ్ట్ అవుట్. కుడ్ యూ లెట్ మీ నో నెక్స్ట్ టైమ్?" మొదటి ముక్కలో ఎవరి పేరూ లేదు చూడండి, మీటింగ్ మార్చబడింది అంతే. "యూ ఆల్వేస్" అని మొదలుపెడితే ఫిర్యాదు పక్కకుపోయి, ఎప్పుడూనా అన్న తగువు మొదలవుతుంది.

ఒక మోసం గమనించండి. "ఐ ఫీల్ దట్ యూ ఆర్ కేర్‌లెస్" అన్నదాంట్లో ఫీల్ ఉంది కానీ భావం లేదు. ఫీల్ తరువాత దట్ వచ్చిందంటే సాధారణంగా అభిప్రాయం, ఇక్కడైతే తీర్పు. ఫీల్ తరువాత విశేషణం ఉండాలి. అదీ బ్యాడ్ అనే, బ్యాడ్లీ కాదు.

రాతలో ఇంకా తగ్గించండి. నోటితో అన్న యాంగ్రీ గాలికి పోతుంది, మెయిల్‌లోది అలాగే ఉండిపోతుంది. అక్కడ "ఐ వాజ్ డిసపాయింటెడ్" చాలు, మనకి నిరాశ అంటే తేలిక మాటే కానీ ఆఫీసు ఇంగ్లీషులో అది గట్టి దెబ్బే.

జీడితోట (పలాస)
అందరికీ దండాలు. వరస ఇలా పెట్టుకుంటున్నాను. మొదటి వారం ఐదు విశేషణాలు నాలుగు క్రియలతో, డ్ ఉచ్చారణతో కలిపి. రెండో వారం "మీద", "అంటే" విభక్తులు, తెలుగులో కలిసిపోయిన మాటల దిద్దుబాటు. మూడో వారం అవతలివాడి బాధకి జవాబు, రాగం. సిగ్గు, మొహమాటం ఎప్పుడు పెట్టాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
వాటికి వారం పెట్టకండి. రోజూ క్లాసు చివర పది నిమిషాలు, ఆ రోజు ఇంట్లో తెలుగులో ఎవరు ఏం అన్నారో ఒక్కొక్కరినీ ఒక వాక్యం చెప్పమనండి. "మా అప్ప అలిగి అన్నం తినలేదు" అంటాడు ఒకడు. దాన్ని అందరూ కలిసి ఇంగ్లీషులో పెట్టాలి. నాలుగు రకాలుగా వస్తుంది, ఏది సరిపోయిందో పిల్లలే వాదించుకోనివ్వండి. ఇంకో సంగతి, యామ్ విడదీసి పలకనివ్వకండి. "ఐ యామ్ సో హ్యాపీ" అని అక్షరం అక్షరం చెబితే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. "ఐమ్" అని ఒక్క ఊపున.

తంపర నేల
"మా అప్ప అలిగింది"కి నేను ఇక్కడే మొదలుపెట్టేశాను. "మై సిస్టర్ ఈజ్ అప్‌సెట్ విత్ అస్ అండ్ వోంట్ ఈట్." సరేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
సరే. వోంట్ దగ్గర నొక్కండి. తినదట, అంత మొండి అన్నది అక్కడే ఉంది.